వెనక అట్ట జోలికి పోవద్దు

లెడ్‌బరీలో పాత పుస్తకాలు బాగుచేసే హెస్టర్ వౌల్స్ ఇరవై రెండేళ్ళుగా ఒకే ఒక్క మనిషి కోసం కాచుకుని కూర్చుంది. ఆ మనిషి జూలైలో ఒక మంగళవారం పొద్దున తనంతట తానే ఆవిడ దుకాణం మెట్లెక్కి, టోపీ తీసి, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగాడు.

రావచ్చా అట! హెస్టర్ చేతిలోని జిగురు కుంచె జారి పడలేదంటే ఆవిడ నిబ్బరం అలాంటిది. జుట్టు నెరిసింది, బుగ్గలు వేలాడుతున్నాయి కానీ ఆ గొంతు మారలేదు. అదే తేనె పూసిన గొంతు. లయొనెల్ థర్లో. వూస్టర్‌లో పేరుమోసిన వకీలు, అంతకన్నా పేరుమోసిన పుస్తకాల సేకర్త. అతను హెస్టర్ని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? అప్పుడు ఆమె పదిహేడేళ్ళ పిల్ల, వూస్టర్ గ్రంథ సంఘం మీటింగుల్లో టీ కప్పులు అందించేది. కప్పు అందించే చేతిని ఆ పెద్దమనిషి ఏనాడైనా తలెత్తి చూశాడా?

"మీ పనితనం గురించి చాలా విన్నానండీ. ఈ చుట్టుపక్కల మీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు లేరంటారు."

"అనేవాళ్ళకేం, అంటూనే ఉంటారు. ఏం తెచ్చారు చూపించండి."

దుప్పటిలో చుట్టిన పుస్తకాన్ని పసిబిడ్డను దింపినట్టు బల్ల మీద దింపాడు. రాజుకీ పార్లమెంటుకీ జరిగిన యుద్ధం మీద రెండొందల ఏళ్ళ కిందట అచ్చయిన పెద్ద పుస్తకం. వీపు తోలు చిట్లిపోయింది, ముందు అట్ట ఊడి వేలాడుతోంది. ఆ పుస్తకాన్ని మొత్తం చదివిన మనిషి ఇంగ్లండులో ఒక్కడైనా ఉన్నాడో లేదో తెలియదు. దాని గొప్పంతా బొమ్మల్లో ఉంది. కోటల ముట్టడులు, గుర్రాల మీద సేనానులు, వధ్యస్థలం మీద రాజు, అన్నీ రాగిరేకు మీద చెక్కి అచ్చేసినవి.

"ముప్పై ఆరు బొమ్మలండీ," అన్నాడు థర్లో, గుండె ఉప్పొంగిపోతుంటే. "ముప్పై ఆరూ ఉన్నాయి! మామూలుగా ఏ ప్రతి చూసినా రెండో మూడో ఎగిరిపోయి ఉంటాయి. నా దాంట్లో కూడా మొదట్లో నాలుగు లేవు. అరవై నాలుగులో ఎడిన్‌బరోలో ఒక తోపుడు బండి మీద దొరికాయి. నా పంట పండిందనుకోండి."

"పండింది, పండింది," అంది హెస్టర్.

"సెప్టెంబర్ మూడో తారీఖుకి కావాలి. వూస్టర్ యుద్ధం జరిగిన రోజు కదా, ఫ్రయర్ స్ట్రీట్లో మా గ్రంథ సంఘం పండుగ. దీన్ని సంఘానికి దానమిస్తున్నాను. ఆ రోజే నన్ను అధ్యక్షుణ్ణి చేస్తారు. సంఘం దగ్గర ఇదే పుస్తకం ఇంకొకటి ఉందిలెండి, కానీ అది కుంటిది. ఎవడో దొంగవెధవ నాలుగు బొమ్మలు కోసుకుపోయాడు. నాది ఇచ్చి, ఆ కుంటిదాన్ని నేను తెచ్చేసుకుంటాను, ఏదో జ్ఞాపకంగా."

హెస్టర్ తల వంచుకుని వీపు తోలు తడుముతూ ఉండిపోయింది. తల ఎత్తితే కళ్ళలో ఉన్నది కనబడుతుంది. ఇంట్లోకి తెచ్చుకున్న కుంటి పుస్తకం, అందులోని కోత గుర్తులతో సహా, తర్వాత ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వీపు మార్చండి, ముందు అట్ట కుట్టండి," అన్నాడతను గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటూ. "వెనక అట్ట మాత్రం గట్టిగానే ఉంది. వెనక అట్ట జోలికి పోవద్దు."

*

హెస్టర్ వాళ్ళ నాన్న ఆంబ్రోస్ పిన్నాక్ వూస్టర్‌లో చేతి తొడుగుల కార్ఖానాలో తోలు కోసేవాడు. ఆయనకీ ఆ యుద్ధం పుస్తకాల పిచ్చే. కానీ కొనే స్తోమత ఏదీ? సంత మొదట్లో బండి మీద పారేసినట్టు అమ్మేవి తెచ్చుకునేవాడు. ఒకదానికి అట్ట ఉండదు, ఒకదానికి మొదటి పది పుటలు ఉండవు. "నా పుస్తకాలన్నీ యుద్ధంలో పోరాడొచ్చినవే హెస్టీ. అందుకే ఒకదానికి కాలు లేదు, ఒకదానికి చెయ్యి లేదు," అని నవ్వేవాడు.

గ్రంథ సంఘంలో ఆయనది జీతం లేని కొలువు. బీరువా తాళం ఆయన దగ్గరుండేది. శనివారం మధ్యాహ్నాలు గది తెరిచి, అడిగినవాళ్ళకి పుస్తకం తీసిచ్చి, చిట్టాలో సంతకం పెట్టించుకుని, వాళ్ళు చూసినంతసేపూ దగ్గరే కూర్చోవాలి. పుస్తకంతో మనిషిని ఒంటరిగా వదలకూడదు. అది నియమం. ఆ గోడ మీద బంగారు అక్షరాలతో సంఘం కొలువుల వాళ్ళ పేర్లు రాసిన చెక్క ఉండేది. దాని మీద నాన్న పేరు చూపించడానికి హెస్టర్ తన స్నేహితురాళ్ళని మెట్లెక్కించి తీసుకెళ్ళేది.

యాభై ఏడు ఫిబ్రవరిలో మంచు పడిన ఒక శనివారం, గదిలో ఇద్దరే ఉన్నారు. నాన్న, థర్లో. ఆ పెద్ద పుస్తకం బల్ల మీద ఉంది. "గది గడ్డకట్టుకుపోతోంది ఆంబ్రోస్, కాస్త బొగ్గు తెస్తావా?" అన్నాడు థర్లో. అంతటి మనిషి అడిగితే కాదనడం ఎలా అని నాన్న తొట్టె పట్టుకుని కిందికి దిగాడు. అంతటి మనిషి సంతకం పెట్టకపోయినా మళ్ళీ అడగడం బాగుండదని చిట్టా సంగతీ వదిలేశాడు. మర్యాద! ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది.

రెండు వారాలకి, మార్చి తొమ్మిదిన, ఏడాదికోసారి పుస్తకాలన్నీ లెక్కచూసే రోజున, నాలుగు బొమ్మలు లేవని తేలింది. నాలుగు చోట్లా వేలెడు వెడల్పున మొండి అంచులు మిగిలాయి. అందరికన్నా ముందు లేచింది థర్లోనే.

"కోత చూడండయ్యా, ఎంత నున్నగా ఉందో! పొద్దస్తమానం తోలు కోసే చెయ్యి తప్ప ఇంకే చెయ్యి కోస్తుందిలా? నా ప్రతిలో లేనివి సరిగ్గా ఈ నాలుగే. ఏడేళ్ళుగా వాటి కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నానని మీ అందరికీ తెలుసు. ఈ రోజుకీ దొరకలేదు. నేను ఎంతైనా ఇస్తానని తెలిసి, నాకే అమ్ముదామని కోశాడు! అనుమానముంటే ఇప్పుడే మా ఇంటికొచ్చి నా పుస్తకం చూసుకోండి."

నాన్న బొగ్గు సంగతి చెప్పాడు. "ఫిబ్రవరిలో నేను ఈ గడపే తొక్కలేదు. చిట్టాలో నా సంతకం చూపించు," అన్నాడు థర్లో. సంతకం లేదు.

ఒక్కరంటే ఒక్కరు థర్లో ఇంటికి వెళ్ళి చూడలేదు. వెళ్ళి చూస్తే ఆ పూటే తేలిపోయేది! కానీ పెద్దమనిషి మాట అన్నాక దాన్ని సరిచూడడం అవమానమట. తోలు కోసేవాడి మాటని సరిచూడక్కర్లేదు, కొట్టిపారేస్తే చాలు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. నాన్నని సంఘంలోంచి గెంటేశారు, చెక్క మీద ఆయన పేరు గీకేశారు. పైగా ఇలాంటి దొంగతనం ఇక జరగకూడదని థర్లో రెండు కొత్త నియమాలు పెట్టించాడు. దానంగా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ అందరి ముందూ ఆకు ఆకునా లెక్కపెట్టాలి, దాంట్లో పెన్సిలుతో ఏం రాసి ఉన్నా పైకి చదివి నమోదు చెయ్యాలి. బొమ్మ తగ్గిన పుస్తకాన్ని సంఘం తీసుకోకూడదు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి హెస్టర్ అంతా చూసింది.

ఆ తర్వాత నాన్న ఫ్రయర్ స్ట్రీట్ మీదుగా నడవలేదు. కార్ఖానాకి మైలు చుట్టు తిరిగి పోయేవాడు. కాలు లేని పుస్తకాలూ చెయ్యి లేని పుస్తకాలూ అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. నాలుగేళ్ళకి పోయాడు. పోయేముందు హెస్టర్ చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటే.

"కోసింది ఎవరో నాకు తెలుసే. వాడు వాటిని పారెయ్యలేడు, కాల్చలేడు. సేకరించే పిచ్చోడు చేతికొచ్చిన బొమ్మని చచ్చినా వదలడు. గుర్రం బొమ్మలో వెనక గిట్ట కింద పురుగు తొలిచిన రంధ్రం ఉంటుంది, చిక్కుడు గింజ ఆకారంలో. గుర్తుపెట్టుకో. ఏదో ఒకనాడు వాడి పుస్తకానికి అట్ట ఊడుతుంది."

అట్ట ఊడితే ఎక్కడికి వస్తుంది? బాగుచేసేవాళ్ళ దగ్గరికి వస్తుంది. నాన్నని పూడ్చిన వారానికే హెస్టర్ మాల్వర్న్‌లో ఒక బైండరు దగ్గర పనికి చేరింది. అందరూ అదేదో కళ మీద ప్రేమ అనుకున్నారు. ప్రేమా పాడా! పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ బల్ల మీదికి వచ్చిన ప్రతి గుర్రం బొమ్మకీ మొదట వెనక గిట్ట కిందే చూసింది.

*

థర్లో కారు సందు మలుపు తిరగ్గానే హెస్టర్ తలుపుకి గడియ పెట్టింది. పుస్తకం విప్పి గుర్రం బొమ్మ తీసి కిటికీ వెలుగుకి పెట్టింది. పైకి ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. వెలుగులో పెడితే మాత్రం వెనక గిట్ట కింద, కాగితపు గుజ్జుతో పూడ్చిన మచ్చ కనబడింది. చిక్కుడు గింజ ఆకారంలో.

మధ్యాహ్నం భోజనానికి గిల్బర్ట్ వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. గిల్బర్ట్ ఆవిడ మొగుడు, లెడ్‌బరీ నుంచి హెరిఫర్డ్‌కి బస్సు నడుపుతాడు. విషయం విని టోపీ నేలకేసి కొట్టాడు.

"వాడి పుస్తకం వాడి కళ్ళముందే పొయ్యిలో పెట్టు. అగ్గిపుల్ల నేను గీస్తా."

"కాలిస్తే బూడిద మిగులుతుంది గిల్. బూడిద సాక్ష్యం చెప్తుందా?"

"పోనీ పోలీసులు?"

"ఇరవై రెండేళ్ళనాటి నాలుగు బొమ్మల కోసం వాళ్ళు టీ తాగడం కూడా మానరు. ఈ మచ్చ ఒక్కటీ చాలదు. ఆ బండివాడు అమ్మినవి సంఘానివేనేమో, నాకేం తెలుసు అంటాడు. వకీలు కదా, ఎలాగైనా జారిపోతాడు."

"అయితే ఏం చేస్తావు?"

హెస్టర్ నేల మీంచి లేచింది. పుస్తకం వెనక అట్ట వైపు చూస్తోంది. పద్దెనిమిదేళ్ళ పనిలో రకరకాల గిరాకీలని చూసింది. తోలు రంగు ఇలా ఉండాలంటారు, దారం అలా ఉండాలంటారు. గట్టిగా ఉన్న అట్ట జోలికి పోవద్దని పనిగట్టుకుని చెప్పినవాడు ఒక్కడూ లేడు. గట్టిగా ఉన్నదాని జోలికి ఎవరు పోతారు గనక?

అట్ట లోపల అతికించిన రంగుల కాగితం మీద తడి అద్దుడు కాగితం పరిచి, బరువు పెట్టి, రెండు గంటలు ఆగింది. తర్వాత ఎముక పుల్లతో మూల నుంచి కొద్దికొద్దిగా లేపింది. కాగితం ఊడి వచ్చింది. దాని కింద పుస్తకంతో పాటు పుట్టిన అసలు తెల్ల ఆకు ఉంది. ఆ ఆకు మీద చక్కటి చేతిరాతతో, పెన్సిలుతో రెండు పంక్తులున్నాయి.

"సరిచూశాను. ముప్పై ఆరు బొమ్మలూ ఉన్నాయి. లయొనెల్ థర్లో, 23 ఫిబ్రవరి 1957."

హెస్టర్ మూడుసార్లు చదివింది. తర్వాత అప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఆ వెంటనే నవ్వు మొదలైంది. గిల్బర్ట్‌కి భయమేసింది. "ఏమైందే నీకు? నీళ్ళు తెమ్మంటావా?"

"తారీఖు వేశాడు గిల్! దొంగవెధవ తారీఖు వేశాడు!"

సేకరించేవాళ్ళకి అదొక జబ్బు. పుస్తకం పూర్తయిందని తేలిన క్షణాన వెనక ఆకు మీద ఆ మాట రాసి, సంతకం పెట్టి, తారీఖు వెయ్యకపోతే వాళ్ళకి ముద్ద దిగదు. ఏడేళ్ళు వెతికినవి దొరికిన శనివారం సాయంత్రమే రాసేసుకున్నాడు. రెండు వారాల తర్వాత సంఘంలో నిలబడి, ఈ రోజుకీ దొరకలేదని ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికెళ్ళాక గుండె జారి ఉంటుంది. రబ్బరుతో ఒక్క తుడుపు తుడిస్తే సరిపోయేది. కానీ పాత పుస్తకంలో పెన్సిలు రాత తుడవడం మహాపాపమట ఆ పెద్దమనుషులకి! ఇంకొకరి పుస్తకంలో కత్తి దింపడానికి రాని వణుకు, తన పుస్తకంలో రబ్బరు పెట్టడానికి వచ్చింది. అందుకని పైన రంగుల కాగితం అతికించి కూర్చున్నాడు.

ఆరు వారాలు హెస్టర్ ఆ పుస్తకం మీద జీవితంలో ఎన్నడూ చెయ్యనంత అందంగా పనిచేసింది. వీపుకి ముదురు ఎర్ర తోలు వేసింది. గుర్రం గిట్ట కింది గుజ్జు ఊడదీసింది. ఆ నాలుగు బొమ్మలనీ విడదీసి, ఒక్కొక్కదాన్నీ రెండే రెండు చుక్కల మైదా జిగురుతో నిలబెట్టింది, గట్టిగా ఊదితే ఊడేలా. వెనక అట్టకి రంగుల కాగితం మళ్ళీ అతికించనే లేదు, ఊరికే ఆనించి ఉంచింది. థర్లో ఫోన్ చేస్తే, "జిగురు ఆరాలండీ, ఇప్పుడు కదిపితే అట్ట వంకరపోతుంది. పండుగ రోజు నేనే తిన్నగా సంఘానికి పట్టుకొస్తాను," అంది.

"మీ రుణం ఉంచుకోను వౌల్స్ గారూ!" అన్నాడతను.

*

సెప్టెంబర్ మూడున ఫ్రయర్ స్ట్రీట్లో ఆ మేడ గదికి హెస్టర్ ఇరవై రెండేళ్ళ తర్వాత మెట్లెక్కింది. అదే పొడుగు బల్ల. కిటికీల వైపు రాజు పక్షం, పొయ్యి వైపు పార్లమెంటు పక్షం. ఈ పండుగనాడు రెండు పక్షాలుగా కూర్చుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం వాళ్ళకి వేడుక.

"ఏం డాబ్స్, మీ రాజుగారి తల ఇంకా దొరకలేదా?" అని పొయ్యి వైపు నుంచి ఎవరో అరిచారు.

కిటికీ వైపు మాంసం కొట్టు పెర్సీ డాబ్స్ పంది మాంసం కూరిన రొట్టె నములుతూనే లేచాడు. "తల లేకపోయినా మా రాజు మీ అందరికన్నా అందగాడు! మీ మొహాలు చూస్తే పాలు విరుగుతాయి!"

హెస్టర్ గోడ మీది చెక్క చూసింది. ఇరవై పేర్ల మధ్య వార్నిషు గీకిన ఒక ఖాళీ. తన ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది. తిన్నగా పొయ్యి వైపు వెళ్ళి కూర్చుంది. నాన్న కూర్చునే వైపు అదే.

థర్లో పది నిమిషాలు మాట్లాడాడు. త్యాగమట, ముందు తరాలట. అందరూ బల్లలు చరిచారు. తర్వాత కార్యదర్శి మిస్ ఓలివ్ హాడ్నెట్ కళ్ళజోడు సవరించుకుంది. డెబ్భై ఆరేళ్ళు, ఒక చెవి పూర్తిగా పోయింది, అందుకని ఏది చెప్పినా వీధి చివరిదాకా వినబడేలా చెబుతుంది.

"నియమం ప్రకారం లెక్కపెట్టాలి!" అంది.

"ఇవాళ అదంతా ఎందుకులే ఓలివ్, భోజనాలు చల్లారిపోతాయి," అన్నాడు థర్లో.

"నియమం పెట్టింది మీరేగా!" అని ఆవిడ పుటలు తిప్పడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ప్రతి బొమ్మకీ పొయ్యి వైపు వాళ్ళో కిటికీ వైపు వాళ్ళో కేకలు వేశారు. ముప్పై ఆరు. చప్పట్లు మోగాయి. థర్లో లేచి వంగి నమస్కరించాడు. మిస్ హాడ్నెట్ మాత్రం ఆగలేదు, చివరి ఆకు తిప్పింది. రంగుల కాగితం జారి ఆవిడ ఒళ్ళో పడింది.

"ఇక్కడేదో పెన్సిలుతో రాసుందే! సరిచూశాను. ముప్పై ఆరు బొమ్మలూ ఉన్నాయి. లయొనెల్ థర్లో..."

"ఓలివ్, ఆపు," అన్నాడు థర్లో. ఆవిడకి వినబడలేదు.

"...ఇరవై మూడు ఫిబ్రవరి, వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై ఏడు!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. డాబ్స్ రొట్టె నమలడం ఆపాడు. "యాభై ఏడా? ఎడిన్‌బరోలో దొరికింది అరవై నాలుగులో కదయ్యా? ఆ కథ నువ్వు మాకు వందసార్లు చెప్పావు!"

"పొరపాటున వేసి ఉంటాను," అన్నాడు థర్లో. మొహం పాలిపోయింది. "పాత సంగతి. తారీఖులు ఎవరికి గుర్తుంటాయి?"

హెస్టర్ లేచింది. "మిస్ హాడ్నెట్, యాభై ఏడు మార్చి తొమ్మిది నాటి మీటింగు పుస్తకం తియ్యండి. ఆ రోజు వీరేమన్నారో చదవండి." ఆవిడ చెవి దగ్గరకెళ్ళి మళ్ళీ చెప్పింది.

బీరువాలోంచి పుస్తకం వచ్చింది. మిస్ హాడ్నెట్ తన చేత్తో రాసినదే, తన గొంతుతోనే చదివింది. "ఆ నాలుగు బొమ్మలూ ఈ రోజుకీ తనకు దొరకలేదని థర్లో గారు చెప్పారు. ఫిబ్రవరిలో తాను ఈ గడప తొక్కలేదని చెప్పారు." చదువుతూ చదువుతూ ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు థర్లో.

"వౌల్స్ నా మొగుడి ఇంటి పేరండీ. నేను హెస్టర్ పిన్నాక్‌ని. మీకు టీలో రెండు చెంచాల చక్కెర వేసేదాన్ని."

థర్లో కుర్చీలో కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. హెస్టర్ అతని మీదికి వంగింది.

"చలేస్తోందా థర్లో గారూ? ఇదిగో, మా నాన్న లేడు గానీ, కాస్త బొగ్గు తెప్పించమంటారా?"

ఆ మాట అనడానికే ఆవిడ ఇరవై రెండేళ్ళు బతికిందేమో అనిపించింది. అన్నాక ఒళ్ళు తేలికపడింది, కానీ కడుపు నిండలేదు. సంఘం వారి కుంటి పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు మొండి అంచులూ తెరిచి చూపించింది.

"ఇప్పుడు తియ్యండి. మీ చేత్తోనే తియ్యండి. గట్టిగా లాగక్కర్లేదు, వచ్చేస్తాయి."

"నేను తియ్యను."

"తీస్తారా, లేక ఇక్కడ జరిగింది జరిగినట్టు పత్రికవాళ్ళకి చెప్పమంటారా? కింద మెట్ల మీద ఒకడు కాచుకునున్నాడు, కొత్త అధ్యక్షుడి ఫోటో కోసం."

"తియ్యి లయొనెల్," అన్నాడు డాబ్స్. అతని పక్షం వాడే.

థర్లో తీశాడు. కోటని కాపాడుకున్న దొరసాని. రాజు విచారణ. వూస్టర్ వీధుల్లో యుద్ధం. చివరికి గుర్రం మీది సేనాని. ఒక్కొక్కటీ తన చేత్తో తెచ్చి మొండి అంచుకి ఆనించాడు. నాలుగూ అతికినట్టు సరిపోయాయి. హెస్టర్ అప్రన్ జేబులోంచి ఎర్ర పట్టుదారం ఎక్కించిన సూది తీసి, గుర్రం బొమ్మకి ముందున్న ఆకుల్లో పురుగు తొలిచిన రంధ్రంలోకి దింపింది. సూది గిట్ట కిందుగా పోయి, వెనకున్న ఆకులన్నీ దాటి, ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చింది. ఎర్ర దారం రెండు వైపులా వేలాడింది.

మిస్ హాడ్నెట్ ఏడుస్తోంది. "ఆంబ్రోస్ పేరు రేపే మళ్ళీ రాయిస్తాం హెస్టీ. మమ్మల్ని క్షమించు."

"క్షమించను," అంది హెస్టర్. "ఆ రోజు చేతులెత్తినవాళ్ళు ఎందరున్నారు ఈ గదిలో? ఎత్తండి మళ్ళీ."

ముసలి చేతులు పదకొండు, ఒకటొకటిగా లేచాయి. మిస్ హాడ్నెట్‌దీ లేచింది. హెస్టర్ వాటిని అలాగే చాలాసేపు ఉండనిచ్చింది.

"దింపండి. ఇప్పుడు ఈ దానం సంగతి తేల్చండి. ఇందులో ముప్పై రెండే ఉన్నాయి. బొమ్మ తగ్గిన పుస్తకాన్ని సంఘం తీసుకోకూడదు కదా? వీరు పెట్టించిన నియమమే."

"తీసుకోం," అంది మిస్ హాడ్నెట్, ముక్కు చీదుకుని.

హెస్టర్ పెన్సిలు చెక్కుకుని వచ్చింది, ముందే. వెనక ఆకు తెరిచి, థర్లో రాసిన పంక్తుల కిందే, అదే సైజు అక్షరాలతో, నిదానంగా రాసింది. "సరిచూశాను. నాలుగు బొమ్మలు లేవు. హెస్టర్ పిన్నాక్, 3 సెప్టెంబర్ 1979." పుస్తకం మూసి, దుప్పటిలో చుట్టి, అతని చేతుల్లో పెట్టింది.

"తీసుకెళ్ళండి. వెనక అట్ట జోలికి పోవద్దు."

అతను మెట్ల వైపు వెళ్తుంటే ఎవ్వరూ తలుపు తెరవలేదు. హెస్టర్ పొయ్యి వైపు కూర్చుని డాబ్స్ ముందున్న రొట్టె పళ్ళెం లాక్కుని రెండు ముక్కలు తింది. ఆకలి దంచేస్తోంది.

థర్లో ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. అతని పుస్తకాలు వేలానికి వచ్చినప్పుడు మిస్ హాడ్నెట్ ఆ జాబితా అచ్చుపుస్తకాన్ని లెడ్‌బరీకి పంపింది, ఒక పుట మడతపెట్టి. గిల్బర్ట్ పైకి చదివాడు. అంతర్యుద్ధ చరిత్ర, ఎర్ర తోలు వీపు, పనితనం అద్భుతం. నాలుగు బొమ్మలు లేవు, వెనక ఆకు మీద హెస్టర్ పిన్నాక్ పెన్సిలు రాత ప్రకారం.

"తుడవలేదే వాడు!" అన్నాడు గిల్బర్ట్ నోరు తెరిచి. "మూడేళ్ళు ఇంట్లో పెట్టుకుని కూడా తుడవలేదు!"

"తుడవలేడని నాకు తెలుసు," అంది హెస్టర్, కుంచె జిగురులో ముంచుతూ.